ఏ పింగళి?

ఫోన్‌లో 'పింగళి' అని కొట్టి చూడండి. ఆగస్టు నెలైతే జెండా వస్తుంది. టీవీలో 'మాయాబజార్' వేసిన రోజు పింగళి అంటే మాటల రచయిత. తెలుగు ఎం.ఏ. చదివేవాళ్ళని అడిగితే 'కళాపూర్ణోదయం' అంటారు. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీ చేసే కుర్రాడిని అడిగితే ఆస్టిన్‌లో ఉన్న ఒక ప్రొఫెసర్‌గారి పేరు చెప్తాడు.

ఇంటిపేరు ఒకటే. మనుషులు వేరు, కాలాలు వేరు, చేసిన పనులు వేరు.

ఇది నాకు చాలా ఇష్టమైన ఆట. ఒక ఇంటిపేరు పట్టుకోవడం, అది ఎన్ని రంగాల్లో కనిపిస్తుందో చూడటం. పుల్లెల అంటే మీకు బ్యాడ్మింటన్ గుర్తొస్తుంది, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన గోపీచంద్ గుర్తొస్తారు. సంస్కృతం చదివినవాళ్ళకి మాత్రం పుల్లెల అంటే శ్రీరామచంద్రుడు. దేవులపల్లి అంటే కొందరికి కృష్ణశాస్త్రి కవిత్వం, ఇంకొందరికి తెలంగాణ సాయుధ పోరాటంలో దేవులపల్లి వెంకటేశ్వరరావు. ఈ ఆట మొదలుపెడితే గంట ఎలా గడుస్తుందో తెలీదు.

ఆడుతూ ఉంటే ఎవరికైనా ఒక ప్రశ్న వస్తుంది. వీళ్ళంతా చుట్టాలా? దాని వెనకే ఇంకో అనుమానం. ఆ ఇంటిపేరులోనే ఏదో ఉందా? రక్తంలో వచ్చిందా?

ఈ వారం ఆ సంగతే చూద్దాం. పింగళి వారినే తీసుకుందాం. తెలుగులో ఇన్ని రంగాల్లో వినిపించే ఇంటిపేర్లు తక్కువ కదా.

నాలుగు శతాబ్దాల కిందటి పింగళి

వరసలో పెద్దాయన పింగళి సూరన. 16వ శతాబ్దం. 'కళాపూర్ణోదయం' రాసి నంద్యాల కృష్ణరాజుకి అంకితమిచ్చారు. ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు తెలిసే కథ అది. ఒక పాత్ర ఎవరో మనకి అర్థమయ్యేసరికి కథ సగం దాటిపోతుంది. టైం లైన్లు కలిపేసే వెబ్ సిరీస్‌లు చూస్తున్నారుగా, ఆ తమాషా తెలుగులో ఎప్పుడో ఉంది. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చారు.

సూరన ఇంకో పుస్తకం 'రాఘవపాండవీయం'. అది మరీ విచిత్రం. పద్యం ఒక్కటే. ఒకలా విడగొట్టి చదివితే రామాయణం, ఇంకోలా విడగొట్టి చదివితే భారతం. ఒక్క పద్యం కాదు, కావ్యం మొత్తం అంతే!

సూరన తన వంశం గురించి చెప్పిన కథ కూడా సరదాగా ఉంటుంది. పూర్వీకుల్లో గోకన అనే ఆయన పేకి అనే దయ్యాన్ని దాసిగా పెట్టుకుని పని చేయించుకున్నారట. ఇంటి గొప్ప చెప్పుకోవడం ఇప్పుడు పుట్టిన అలవాటు కాదు, కాకపోతే ఆయన దాన్ని కాస్త అందంగా చెప్పుకున్నారు.

జెండా ఒక్కటే కాదు

పింగళి వెంకయ్యగారు 1876లో కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టారు. స్కూల్లో మనకి ఆయన గురించి ఒక్క వాక్యమే చెప్తారు: 'జాతీయ జెండా రూపకర్త'. క్విజ్‌లో ఒక మార్కు వస్తుంది, అంతటితో సరి.

కానీ ఆయన్ని ఆ రోజుల్లో ఎన్ని పేర్లతో పిలిచేవారో చూడండి. జపాన్ భాష నేర్చుకున్నారని జపాన్ వెంకయ్య. నడిగూడెంలో మునగాల రాజావారి దగ్గర ఉండి కంబోడియా పత్తి మీద పని చేశారని పత్తి వెంకయ్య. నేలలో గనుల మీద, వజ్రాల మీద పరిశోధన చేశారని డైమండ్ వెంకయ్య. వీటన్నిటికీ ముందు దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధ సమయంలో బ్రిటిష్ సైన్యంలో ఉన్నారు. గాంధీజీతో పరిచయం అక్కడే.

జెండా కూడా ఒక్క రాత్రిలో పుట్టిందేం కాదు. 1916లోనే భారతదేశానికి జాతీయ జెండా ఎలా ఉండొచ్చో ముప్పై నమూనాలతో ఒక పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు గాంధీజీకి నమూనా ఇచ్చారు. ఎరుపు, ఆకుపచ్చ రంగులు. తెలుపు కలపమన్నది గాంధీజీ. రాట్నం ఉండాలన్న ఆలోచన జలంధర్‌కి చెందిన లాలా హన్స్‌రాజ్‌ది. 1931లో రంగులు మారాయి, కాషాయం వచ్చింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఇప్పుడున్న జెండాని ఆమోదించినప్పుడు రాట్నం స్థానంలో అశోక చక్రం వచ్చింది.

ఇంత చేసిన మనిషి 1963లో పేదరికంలో కన్నుమూశారు. ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది 2009లో. అంటే ఇంటిపేరు పెద్దదైనంత మాత్రాన అది ఆయనకి అన్నం పెట్టలేదు.

ఒక పింగళి బడిలో, ఒక పింగళి సినిమాలో

పింగళి లక్ష్మీకాంతంగారు 1894లో పుట్టారు. కాటూరి వెంకటేశ్వరరావుగారితో కలిసి జంటకవిగా రాశారు. పింగళి-కాటూరి అంటే అప్పట్లో ఒకే పేరన్నట్టు. బుద్ధుడి తమ్ముడు నందుడి కథతో వాళ్ళు రాసిన 'సౌందరనందం' చాలా పేరు తెచ్చింది. ఇద్దరూ చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారి శిష్యులే. తర్వాత లక్ష్మీకాంతంగారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు పాఠం చెప్పారు. తెలుగు సాహిత్య చరిత్ర రాశారు. మన తాతల కాలంలో ఎంతోమంది తెలుగు మాస్టార్లకి ఆయన మాస్టారు.

ఇక పింగళి నాగేంద్రరావుగారు. 1901లో రాజాంలో పుట్టారు. పెరిగింది బందరులో. చదివింది మెకానికల్ ఇంజినీరింగ్, చేసిన తొలి ఉద్యోగం ఖరగ్‌పూర్ రైల్వేలో. ఇంజినీరింగ్ చదివి సినిమాల్లోకి వెళ్ళినవాళ్ళలో మన వాళ్ళందరికంటే సీనియర్ అన్నమాట! బెంగాలీ నుంచి ద్విజేంద్రలాల్ రాయ్ నాటకాలు తెలుగు చేశారు, సొంతంగా నాటకాలు రాశారు. ఆ తర్వాత 'పాతాళ భైరవి' (1951), 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957), 'జగదేకవీరుని కథ' (1961).

టైటిల్స్‌లో ఆయన పేరు చాలాసార్లు 'పింగళి' అనే పడేది. ఇంటిపేరే మనిషి పేరైపోయింది. అసమదీయులు, తసమదీయులు, వీరతాడు... ఇవి ఏ నిఘంటువు నుంచీ ఎత్తుకొచ్చిన మాటలు కావు, ఆయన చేసిన మాటలు. ఇప్పటికీ మీమ్స్‌లో తిరుగుతున్నాయి.

సముద్రం దాటిన పింగళులు

ఇంకో ఇద్దరున్నారు. వీళ్ళని ఇంగ్లిష్‌లో వెతకాలి, పైగా ఇంటిపేరు చివర ఉంటుంది.

ప్రభు పింగళి వ్యవసాయ ఆర్థికవేత్త. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థలో, గేట్స్ ఫౌండేషన్‌లో పని చేశారు. కార్నెల్ యూనివర్సిటీలో టాటా-కార్నెల్ ఇన్‌స్టిట్యూట్‌కి తొలి డైరెక్టర్. హరిత విప్లవం ఏం ఇచ్చింది, ఏం ఇవ్వలేకపోయింది అని 2012లో ఆయన రాసిన వ్యాసాన్ని ప్రపంచమంతా ఉదహరిస్తారు. వరి, గోధుమ దిగుబడులు పెరిగాయి, కరువులు తప్పాయి. కానీ పప్పులు, చిరుధాన్యాలు వెనకబడ్డాయి, పోషకాహారం సంగతి పట్టించుకోలేదు. మన ఇళ్ళల్లో జొన్నలు, రాగులు ఎందుకు మాయమయ్యాయో, ఇప్పుడు మిల్లెట్స్ అని పేరు పెట్టుకుని ఎందుకు తిరిగొస్తున్నాయో అర్థం కావాలంటే చదవాల్సిన వ్యాసం.

కేశవ్ పింగళి కంప్యూటర్ శాస్త్రవేత్త. ఐఐటీ కాన్పూర్, ఆ తర్వాత ఎంఐటీ. చాలా ఏళ్ళు కార్నెల్‌లో పాఠం చెప్పి, ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీకి వెళ్ళారు. ఒకే పనిని చాలా ప్రాసెసర్లకి పంచి చేయించడం ఎలా అన్నది ఆయన రంగం. మీ చేతిలో ఉన్న ఫోన్‌లో కూడా ప్రాసెసర్‌కి అరడజను పైగా కోర్లు ఉంటాయి కదా, వాటికి పని పంచడం అంత తేలిక కాదు.

ఇద్దరు పింగళులూ వేర్వేరు కాలాల్లో ఒకే కార్నెల్‌లో పనిచేశారు. చూశారా, ఆట ఎంత బాగుందో!

ఇక్కడే జాగ్రత్త

ఇంతవరకు చదివాక మనసు తనంతట తనే దారాలు కట్టేస్తుంది. సూరన మాటలతో గారడీ చేశారు, నాగేంద్రరావు మాటలతో గారడీ చేశారు, కాబట్టి అది వంశంలో ఉంది! వెంకయ్యది పత్తి, ప్రభుది వ్యవసాయం, కాబట్టి అదీ వంశంలోదే! సూరన ఒకే పద్యంలో రెండు కథలు నడిపారు, కేశవ్ ఒకే మెషీన్‌లో నాలుగు పనులు నడుపుతారు!

ఇంకొంచెం ముందుకెళ్తే పింగళుడి దగ్గరికి చేరతాం. రెండు వేల ఏళ్ళకి ముందటి ఛందశ్శాస్త్రకర్త. లఘువు, గురువు అని రెండే గుర్తులతో ఎన్ని రకాల పాదాలు వస్తాయో లెక్క కట్టారు. కంప్యూటర్‌లో సున్నా, ఒకటి లాంటి లెక్కే. వెంటనే ఎవరో ఒక వాట్సాప్ ఫార్వర్డ్ తయారుచేస్తారు: పింగళుడి నుంచి పింగళి దాకా, ఒకే వంశం, కంప్యూటర్ మనదే అని.

పింగళుడు అనేది ఒక మనిషి పేరు. పింగళి అనేది ఒక ఇంటిపేరు. శబ్దం కలిసింది, అంతే. శబ్దం కలిస్తే ప్రాస అవుతుందిగానీ బంధుత్వం అవ్వదు.

మన ఇంటిపేర్లలో చాలావాటికి మూలం ఊళ్ళ పేర్లు. ఒక ఊరి నుంచి వెళ్ళినవాళ్ళని కొత్త ఊళ్ళో పాత ఊరి పేరుతో పిలిచారు. ఒకే ఊరి నుంచి పది కుటుంబాలు పది దిక్కులకి వెళ్తే పదింటికీ అదే ఇంటిపేరు రావచ్చు. వాళ్ళు అన్నదమ్ములే అవ్వక్కర్లేదు, అసలు ఒకే కులం కూడా అవ్వక్కర్లేదు. కాబట్టి ఇంటిపేరు కలిస్తే చుట్టరికం ఉండొచ్చు, లేకపోవచ్చు. అది వెతుక్కోవాల్సిన ప్రశ్న, దొరికేసిన జవాబు కాదు.

కలిపింది రక్తం కాదు, ఊరు

అయితే ఈ పింగళుల్లో ముగ్గురి మధ్య నిజమైన లింకు ఒకటి ఉంది. అది ఇంటిపేరు కాదు. బందరు.

వెంకయ్యగారు చదివింది బందరు హిందూ హైస్కూల్లో. తర్వాత అక్కడే ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేశారు. నాగేంద్రరావుగారు ఇంజినీరింగ్ నేర్చుకున్నది కూడా ఆ జాతీయ కళాశాలలోనే. లక్ష్మీకాంతంగారు చదివింది బందరు నోబుల్ కాలేజీలో. ముగ్గురిదీ ఇంచుమించు ఒకే కాలం.

ఆ రోజుల్లో బందరు ఎలాంటి ఊరంటే, రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి అక్కడ కాలేజీ అయింది. 1902లో కృష్ణా పత్రిక మొదలైంది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి జాతీయ కళాశాల పెట్టారు. సర్కారు ఉద్యోగాల కోసం కాకుండా, చేతిపని, దేశం గురించిన చదువు రెండూ నేర్పాలని దాని ఆలోచన. 1923లో అదే పట్టాభి ఆంధ్రా బ్యాంక్ పెట్టింది కూడా ఆ ఊళ్ళోనే. తెలుగు పండితుడిగా చెళ్ళపిళ్ళ, పత్రికాఫీసులో ముట్నూరి. ఒక కుర్రాడు సాయంత్రం నాలుగు వీధులు తిరిగితే కవిత్వం, రాజకీయం, యంత్రం మూడూ కనిపించేవి.

జాతీయ కళాశాల లేకపోతే నాగేంద్రరావు ఎక్కడ మెషీన్ పని నేర్చుకునేవారు? చెళ్ళపిళ్ళ లేకపోతే పింగళి-కాటూరి ఎక్కడ కలిసేవారు? ఈ మనుషుల్ని తయారుచేసింది ఒక చిన్న ఊళ్ళో ఒకేసారి ఉన్న మంచి బళ్ళు, మంచి మాస్టార్లు, ఒక పత్రిక.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ బళ్ళ గుమ్మం అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. తరాలుగా చదువున్న ఇళ్ళ పిల్లలు తేలిగ్గా లోపలికెళ్ళారు. అదే కృష్ణా జిల్లాలో పొలంలో ఉన్న పిల్లవాడి ఇంటిపేరు మనకి తెలీదు. ఆ ఇంటిపేరులో ప్రతిభ లేక కాదు, బడి అందక. 'ఫలానా ఇంటిపేరులో ఇంతమంది గొప్పవాళ్ళు' అని లిస్టు చేసినప్పుడల్లా, లిస్టులో లేని ఇంటిపేర్ల సంగతేంటని కూడా అడగాలి.

లిస్టులో కనపడని కూతురు

ఇప్పుడు ఈ ఆటలో అసలు తిరకాసుకి వస్తున్నా. పైన చెప్పిన పింగళుల్లో ఒక్క ఆడమనిషి కూడా లేదు, గమనించారా?

వెంకయ్యగారి అమ్మాయి సీతామహాలక్ష్మిగారు. 2021 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి మాచర్ల వెళ్ళి ఆమెని సన్మానించారు. 2022 జులైలో, వందేళ్ళ వయసులో కన్నుమూశారు. తండ్రి ఎలా బతికారో దగ్గర నుంచి చూసిన మనిషి. కానీ మీరు ఫోన్‌లో పింగళి ఇంటిపేరుతో ఎంత వెతికినా ఆమె ఆ వరసలో రారు. ఎందుకంటే ఆమె ఘంటసాల సీతామహాలక్ష్మి. పెళ్ళితో ఇంటిపేరు మారిపోయింది.

ఘంటసాల అనగానే మళ్ళీ మీ మనసు దారం కట్టేస్తోంది కదా! 'మాయాబజార్'లో పింగళి రాసిన పాటలు పాడింది ఘంటసాల. ఆగండి. ఘంటసాల అనేది కృష్ణా జిల్లాలో ఒక ఊరు. పాత బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. ఆ ఊరి పేరు ఎన్ని ఇళ్ళకైనా ఉండొచ్చు. ఇంటిపేరు ఒక్కటే చూసి గాయకుడిని ఆ ఇంటికి బంధువుని చేసేయకండి.

విచిత్రం చూడండి. పరాయివాళ్ళని ఇంటిపేరు చుట్టాల్లా చూపిస్తుంది. సొంత కూతురిని అదే ఇంటిపేరు పరాయిదాన్ని చేసేస్తుంది. మనిషిలో తల్లి నుంచి వచ్చింది సగం ఉంటుంది. ఇంటిపేరు మాత్రం ఆ సగాన్ని తరం తరంలోనూ చెరిపేసుకుంటూ వస్తుంది. ఆరుగురు మగవాళ్ళ పేర్లు చూసి 'వంశ ప్రతిభ' అని మనం మురిసిపోతున్నాం. అవతల వాళ్ళ అమ్మల ఇంటిపేర్లేమిటో ఎవ్వరం అడగలేదు.

ఈ కాలంలో కాస్త మారుతోంది. పింగళి చైతన్య అనే రచయిత్రి 'చిట్టగాంగ్ విప్లవ వనితలు' పుస్తకానికి 2016లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్నారు. రాసింది కూడా చరిత్ర పక్కకి నెట్టేసిన ఆడవాళ్ళ గురించే. ఇక నుంచి 'ఏ పింగళి?' అని అడిగితే చెప్పాల్సిన జవాబుల్లో ఆ పేరు కూడా ఉంది.

మీ ఇంటిపేరుతో ఆడేముందు

ఆట మానేయమని నేను చెప్పను. ఇంకా బాగా ఆడమంటాను. ఈ ఆదివారం ఫోన్‌లో వెతికే ముందు ఇంట్లో పెద్దవాళ్ళని మూడు ప్రశ్నలు అడగండి. మన ఇంటిపేరు ఏ ఊరిది? అక్కడి నుంచి ఎప్పుడు, ఎందుకు వచ్చేశాం? అమ్మది, అమ్మమ్మది, నాయనమ్మది పుట్టింటి పేరేంటి? మూడో ప్రశ్నకి చాలామంది ఇళ్ళల్లో కాసేపు నిశ్శబ్దం వస్తుంది. నాయనమ్మ పుట్టింటి పేరు తెలిసిన మనవలు ఎంతమంది?

ఆ పేర్లు ఇవాళే రాసిపెట్టుకోండి. చెప్పగలిగినవాళ్ళు ఉండగానే రాసుకోవాలి. ఫోన్‌లో అవి దొరకవు.

ఇంకొక్క మాట. ఎక్కడైనా ఒక పెద్దమనిషి పేరు కనపడగానే ముందు ఇంటిపేరు చూసి 'మనవాళ్ళే' అనో, 'వాళ్ళా!' అనో అనేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ఆ అలవాటుకి పింగళి నాగేంద్రరావుగారు 1957లోనే పేరు పెట్టి నవ్వించారు: అసమదీయులు, తసమదీయులు అని. మనం ఇంకా నవ్వుతూనే ఉన్నాం. విడగొట్టడం మాత్రం మానలేదు.